శికారు తుపాకీ గురి

నిజాం కాలంలో ఆదిలాబాద్, కరీంనగర్ అడవుల్లో వేటకు నాటు తుపాకీ, రైఫిల్ రెండూ ఉండేవి. నాటు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. మూతి నుంచి మందు, గుండు దట్టించాలి. గుండు గొట్టం కన్నా కాస్త సన్నం కాబట్టి గోడలకు తగులుతూ పోయి, బయటపడేసరికి ఏదో ఒక వైపు ఒరిగేది. దూరం పెరిగితే ఎంత చేయి తిరిగిన వేటగాడికైనా గురి దక్కేది కాదు.

రైఫిల్‌లోని మెలికల గాడులు గుండును గిర్రున తిప్పి తిన్నగా పంపుతాయి. అయినా కొత్త రైఫిల్ గురి తప్పవచ్చు. లోపం చాలాసార్లు గొట్టంలో కాదు, దాన్ని పట్టి ఉంచే కర్రలో ఉంటుంది. వానాకాలపు చెమ్మకు కర్ర ఉబ్బి గొట్టాన్ని పక్కకు నెడుతుంది. ఎండలకు ఎండి మరలు వదులవుతాయి. అందుకే ముందు మరలు బిగించి, గొట్టం తుడిచి, ఒకే రకం తూటాలతో ఇసుక సంచి మీద ఆనించి నాలుగైదు దెబ్బలు కొట్టి చూడాలి. అన్నీ ఒకేచోట, గురికి పక్కగా పడితే గొట్టం మీది గురిముల్లును జరిపితే చాలు. చెల్లాచెదురైతే గురిముల్లు జరపడం వృథా శ్రమ.

ఆ ఆదిలాబాద్ అడవుల్లోని కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం శికారును గట్టిగా కట్టడి చేసింది.