నెత్తురు పారితేనే చరిత్రా?

నూజివీడు నుంచి బస్సెక్కితే గంటన్నరలో బెజవాడ. కోస్తాంధ్ర దళిత ఉద్యమానికి పునాది పడింది ఆ ఊళ్లోనే, 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో. ఆ సభను పంచమ మహాజన సభ అని పిలిచారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరునే తోసిపుచ్చారు. ఈ నేలకు తొలి హక్కుదారులం మేమేనని చాటి ఆది ఆంధ్రులమన్నారు. అయిదేళ్లు తిరగకుండానే మద్రాసు ప్రభుత్వం ఆ పేరును గుర్తించింది. 1931 జనగణన నాటికి లక్షలాది మాల, మాదిగలు తమను అలాగే రాయించుకున్నారు.

నూరేళ్లు దాటిన ఈ దారిని వెనుదిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. ఉద్యమం ముందు నడిచింది, విశ్వవిద్యాలయం చాలా వెనకగా వచ్చింది. తొలి తరంలో పరిశోధకులు, పాత్రికేయులు, కవులు అందరూ ఉద్యమకారులే. భాగ్యరెడ్డివర్మ పత్రిక నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న తెల్లదొరతనంతో పాటు నల్లదొరతనాన్నీ నిలదీశారు. 1941లో జాషువ ‘గబ్బిలం’ తెచ్చారు. కానీ జాతీయోద్యమ చరిత్ర రాసిన పండితులు వీళ్లకు ఇచ్చింది రెండు మూడు పంక్తులే.

ఆ నిర్లక్ష్యాన్ని బద్దలుకొట్టింది కారంచేడు. మాదిగవాడ తాగునీటి చెరువులో పశువుల కుడితి కలుస్తుంటే వాడవాళ్లు అభ్యంతరం చెప్పారు. కొట్టబోయిన వాళ్ల మీదికి ఒక మహిళ బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జులై 17న, ఊరి పెత్తందార్లు వాడ మీద పడి ఆరుగురిని చంపారు. ప్రాణాలతో మిగిలినవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. ఆ శిబిరంలోంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలిచిన దళిత మహాసభ పుట్టింది. ఆరేళ్లకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది మాలలను నరికి చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోనే వచ్చినా న్యాయం కోసం పదహారేళ్లు పోరాడాల్సి వచ్చింది. ప్రత్యేక కోర్టును ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఈ రెండు ఊళ్ల తర్వాతే తెలుగునాట కులం మీద పరిశోధన రూపు మారింది. లెక్కల పాఠాలు చెప్పే కె. బాలగోపాల్ కారంచేడు మీద 1985లోనే వ్యాసం రాశారు. 1994లో గెయిల్ ఓంవెట్, 2003లో యాగాటి చిన్నారావు, 2017లో చిన్నయ్య జంగం దళిత ఉద్యమాల మీద పుస్తకాలు తెచ్చారు. మరుగున పడిన ఆది ఆంధ్ర ఉద్యమం అప్పుడు మళ్లీ వెలుగు చూసింది. హరిత విప్లవంతో సొమ్మూ పెత్తనమూ పెరిగిన కులాలు ఒకవైపు, చదువుకుని తలెత్తిన దళిత యువతరం మరోవైపు నిలిచిన కోస్తాలో ఘర్షణ ఎందుకు అంత తీవ్రమైందో కె. శ్రీనివాసులు 2002లో విశ్లేషించారు. కులాన్ని పాత అలవాటుగా చూసే ధోరణి అక్కడితో చెల్లిపోయింది. అది భూమి, కూలి, అధికారాల మధ్య నడిచే బంధమని తేలింది.

ఉద్యమాలు సమాజాన్ని ఎంత మార్చాయో చెప్పాలంటే మాదిగ దండోరా ఉద్యమాన్ని చూడాలి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగలు అడిగింది, రిజర్వేషన్లలో ఎవరికెంత దక్కిందో లెక్క చెప్పమని. ఆ ఒక్క ప్రశ్న కమిషన్లను వేయించింది, గణాంకాలను తవ్వించింది, దళితుల లోపలి అసమానతను పరిశోధనాంశం చేసింది. సుప్రీంకోర్టు 2004లో ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణను కొట్టేసి, 2024 ఆగస్టు 1న రాష్ట్రాలు చేసుకోవచ్చని తీర్పునిచ్చింది. ముప్పయ్యేళ్లు ఓపిగ్గా నిలబడితే వీధిలో మోగిన డప్పు న్యాయశాస్త్రాన్ని తిరగరాయగలదు.

ఈ పోరాటం ఏనాడూ ఒంటరిది కాదు. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్ల స్ఫూర్తితో దళిత పాంథర్లయ్యారు. గుడివాడ ప్రాంతం నుంచి వచ్చిన విప్లవకవి శివసాగర్ జీవితాన్ని ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో అమెరికాలో పుస్తకంగా తెస్తే ప్రపంచమంతా చదివింది. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అంతకు ముందే, 2016 జనవరిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం విశ్వవిద్యాలయాన్నే బోనులో నిలబెట్టింది. కులాన్ని పరిశోధించే చోట కులం లేదనుకోవడం అప్పటినుంచి ఎవరికీ సాధ్యం కాలేదు.

ఇంత సాధించిన పరిశోధనకు ఇంకా తీరని బాకీ ఒకటుంది. మన పుస్తకాల్లో పదే పదే కనిపించేవి హత్యాకాండలు జరిగిన ఊళ్లు. మామూలు ఊళ్ల బతుకు వాటిలో అంతగా కనిపించదు. డెల్టా కాలువలు అందని నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు మెట్టలో మామిడే బతుకు. పూత మీదే తోట బేరమవుతుంది. వేసవిలో దోటికి చిక్కం కట్టి కాయ దించేవాళ్లు, సొన పడి చర్మం బొబ్బలెక్కుతున్నా కాయ ఏరి గ్రేడు చేసేవాళ్లు కూలీలే. ఇక్కడి జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. ఆ భూమి ఎవరి చేతికొచ్చింది, ఎవరి చేతికి రాలేదు? కోత లేని నెలల్లో కూలి కుటుంబం ఎక్కడికి వలసపోతుంది? కౌలు రాయించుకోగల దళితులు ఎందరు? ఈ ప్రశ్నలకు జవాబు రావడానికి ఒక దారుణం జరిగేదాకా ఆగకూడదు.

నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెల నుంచి పది పాసైన పిల్లలు అక్కడ చదువుతున్నారు. వాళ్లలో ఆ కూలి ఇళ్ల బిడ్డలూ ఉంటారు. తమ పేటలో భూమి, కూలి, చదువు లెక్కలను ఇంటింటికీ తిరిగి రాయడం వాళ్లకు చేతకానిది కాదు. బెజవాడ సభ తన పేరు తానే పెట్టుకున్నట్టు, ఈ తరం తన చరిత్ర తానే రాసుకోవాలి. దానికి కావలసిన శిక్షణా సొమ్మూ ఇవ్వడం విశ్వవిద్యాలయాల బాధ్యత. నూరేళ్ల ఉద్యమం నుంచి నేర్చుకున్న చదువు దానికి తిరిగి చెల్లించాల్సింది ఇదే.