సున్న చెప్పు సాక్ష్యము

కంప్యూటరునందు మనము వ్రాసినది పదిలముగా నున్నదని నమ్ముటకు ఆధారమేమి? ఫంక్షను తిరిగి యిచ్చు చిన్న సంఖ్య. ఆ సంఖ్య చరిత్రను నేడు మనవి చేయదలచితిని.

1969లో అమెరికాదేశమున బెల్ ప్రయోగశాలలయందు కెన్ టాంప్సన్, డెన్నిస్ రిచీ మున్నగువారు యూనిక్స్ వ్యవస్థ నారంభించిరి. కర్నెలును కోరిన పని చెడినచో, సీ భాషలోని ప్రోగ్రామునకు −1 తిరిగి వచ్చుట అందలి యాచారము. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్స్ కర్నెలులోపల కారణము సయితము సంఖ్యలోనే యుండును. సున్న యనగా క్షేమము; −5 చదువుట వ్రాయుటలందలి దోషము; −28 డిస్కున చోటు లేమి.

దోషమును మొదట కనుగొనునది అడుగుననున్న డ్రైవరు. వినవలసినది పైనున్న ప్రోగ్రాము. నడుమ మెట్లనేకములు. ఏ మెట్టుననైనను తిరిగి వచ్చిన విలువను చూడక విడిచినచో కబురచ్చటనే నిలిచిపోవును. సరకు మునిగినను రసీదు మాత్రము చేతికందును.

2008లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లైనక్స్ 2.6 లోని ఫైలు వ్యవస్థల నన్నిటిని, మూడు ముఖ్య డ్రైవర్లను పరీక్షించిరి. 1153 పిలుపులు, అనగా నూటికి 13, దోషసంఖ్యను జారవిడుచుచుండెనని తేలినది. చదువు దోషములకంటె వ్రాత దోషములే యెక్కువగా నుపేక్షింపబడెను. చదువు చెడినచో వెంటనే తెలియును. వ్రాత చెడినచో మరల చదువబోవునప్పుడుగాని తెలియదు.

శుద్ధి రెండు తెఱగులు. అక్కఱగల విలువను పరీక్షించి పైకి పంపుట మొదటిది. ఎన్నడును సున్న తప్ప వేఱు చెప్పని ఫంక్షనును ఏమియు తిరిగి యీయనిదానిగా మార్చుట రెండవది. ఇది వట్టి యలంకారము కాదని నా యభిప్రాయము. వ్యర్థమైన సున్నలు పెరిగినకొలది, విలువను చూడకుండుట వ్రాయువారి కలవాటగును. ఆ యలవాటే నిజమైన −5ను గూడ దాటిపోవును.

2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేసు నిర్మాతలకు మఱియొక చిక్కు తెలియవచ్చెను. సమాచారమును డిస్కునకు చేర్చుమను ఎఫ్‌సింక్ ఒకమారు దోషము తెలిపి, రెండవమారు సున్న చెప్పవచ్చును. ఆ సమాచారము డిస్కును చేరకయే పోయి యుండవచ్చును. కావున 2019 నుండి ఆ డేటాబేసు, దోషము విన్న తక్షణమే నిలిచిపోయి, తన చిట్టానుబట్టి లెక్కలను మరల సరిచేసికొనుచున్నది.

బ్యాంకు ఖాతాయైనను భూమి పత్రమైనను నేడిట్టి సంఖ్యలపైననే నిలిచియున్నది. అందుచేత సున్న చెప్పు ఫంక్షను పని జరిగినదని యెఱిగియే చెప్పవలయును.