పుట్టని సోమలింగం

మా సీమలో మాట రెండు భాషల్లో నడుస్తుంది. బాగేపల్లి, చింతామణి పల్లెల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పని కాకముందే గొప్పలు పోయేవాణ్ణి వెక్కిరించడానికి రెండు భాషలూ పుట్టని బిడ్డనే పట్టుకున్నాయి, చూడండి. తెలుగులో "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం". కన్నడంలో "కూసు హుట్టువ ముంచె కులావి", అంటే బిడ్డ పుట్టకముందే కుళ్ళాయి. పట్టుపురుగులు నాలుగో జ్వరం దాటి గూడు కట్టకముందే శిడ్లఘట్ట మార్కెట్టు ధర లెక్కపెడితే, ఇంట్లో పెద్దలు ఈ మాటే అని కసురుతారు.

దీనికి సాక్ష్యం కావాలంటే మీరు దూరం పోనక్కరలేదు. చిక్కబళ్ళాపురం పక్కన నందికొండ ఉంది.

టిప్పు సుల్తానుతో 1790లో యుద్ధం వచ్చినప్పుడు మొదటి ఏడు జనరల్ మెడోస్ దండయాత్ర ఫలించలేదు. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ తానే వచ్చి 1791 మార్చి 21న బెంగళూరు కోట పట్టాడు. ఇక శ్రీరంగపట్నం చేతికి చిక్కినట్టే అనుకున్నాడు కాబోలు, మే నెలలో బయలుదేరాడు. 15వ తేదీన అరకెరె దగ్గర గెలిచాడు కూడా. కాని దారిలో మేతను టిప్పు మనుషులు ముందే తగలబెట్టారు. వానలు పట్టుకున్నాయి. ఎడ్లు గుంపులు గుంపులుగా చచ్చాయి. లాగే దిక్కులేక, పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టించి వెనుదిరిగాడు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆ దొర కంటే ఆ నోరులేని ఎడ్లే కళ్ళలో మెదులుతాయి. తీరా తిరుగుముఖం పట్టాక, మరాఠా సేన ధాన్యంతో ఎదురొచ్చింది!

మన పాళెగారి సంగతి ఇంకా జాలి. చిక్కబళ్ళాపురం సంస్థానాన్ని 1762లో హైదరలీ కలుపుకున్నాడు. 1791లో ఇంగ్లీషువారు ఆ ఊరిని నారాయణగౌడకు తిరిగి అప్పగించారు. కాని తలెత్తితే కనిపించే నంది కోట ఇంకా టిప్పుదే. అలాంటి నీడలో పట్టం ఎన్నాళ్ళు? టిప్పు సేన వచ్చి ఊరిని మళ్ళీ లాక్కుంది.

రెండోసారి కారన్‌వాలిస్ తొందరపడలేదు. శ్రీరంగపట్నం మాట పక్కనబెట్టి, ముందు తన సరుకుల దారికి అడ్డంగా ఉన్న కొండకోటల మీదికి మనుషుల్ని పంపాడు. నంది వంతు మేజర్ గౌడీకి వచ్చింది. ఎవడూ ఎక్కలేడని పేరుపడ్డ కోట అది. ఒక్క పక్క తప్ప అన్ని వైపులా నిలువు బండలే. ఆ బండల మధ్య ఫిరంగులను జానెడు జానెడుగా పైకి లాగి గోడలు పగలగొట్టడానికి మూడు వారాలు పట్టింది. అక్టోబరు 19న, తెల్లవారకముందే, వెన్నెల్లో దాడి. పైనుంచి కోటవారు బండరాళ్ళు దొర్లించారు. కింద నిలిచి నడిపించినవాడు ఎవరనుకున్నారు? ముందటేడు ఓడి తిరిగొచ్చిన ఆ మెడోసే. తెల్లవారేసరికి కోట పడిపోయింది.

1792 మార్చిలో శ్రీరంగపట్నం సంధి కుదిరింది. టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. అంత కష్టపడి ఎక్కిన నందికొండ మాత్రం, దాని కింది చిక్కబళ్ళాపురంతో సహా, మళ్ళీ అతని వాటాలోకే పోయింది. నారాయణగౌడ పాళెగారితనం అంతటితో సరి.