నర్స్ ప్రాక్టీషనర్ విద్య (తెలంగాణ)

నర్సింగ్ చదువు ముగించి, వార్డుల్లో అనుభవం గడించినవారు రోగిని స్వయంగా పరీక్షించి, నిర్ణీత పరిధిలో చికిత్స నిర్ణయాలు తీసుకునేందుకు చదివే పైచదువు. తెలంగాణలో ఇది ఐసీయూ కంటే కాన్పుల గదిలోనే గట్టిగా వేళ్లూనింది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో తరతరాలుగా పురుళ్లు పోసింది మంత్రసానులే. నర్సింగ్ పైచదువు మాత్రం ఆలస్యంగా వచ్చింది. దేశంలో నర్సింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ 1959లో ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ కళాశాలలో మొదలైంది; ఆ పట్టా పొందినవారు ఎక్కువగా బోధనకే వెళ్లారు. 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి తొలి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు నడిపారు. భారత నర్సింగ్ మండలి 2016-17లో క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ పీజీ రెసిడెన్సీకి పాఠ్యప్రణాళిక ఇచ్చింది. దానికి బీఎస్సీ నర్సింగ్ అర్హత. చదువులో అధికభాగం రోగి మంచం పక్కనే సాగుతుంది.

హైదరాబాద్‌లో 1948లో రెండు పడకలతో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫరీ (కాన్పు సేవల) శిక్షణ చేపట్టింది. 2017 అక్టోబరులో ఆ ఆసుపత్రి, యునిసెఫ్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో 30 మంది సర్కారు నర్సులతో 18 నెలల మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ప్రారంభించాయి. ఇది ఎమ్మెస్సీ కాదు, డిప్లొమా స్థాయి చదువే. అయినా ఫలితంలో పెద్దది. నొప్పులు పడుతున్న తల్లిని నడవనివ్వడం, ఆమెకు వీలైన భంగిమలో కాన్పు చేయడం, అనవసరపు కోత, కుట్లు తప్పించడం, ప్రమాదం పసిగట్టగానే డాక్టరును పిలవడం ఇందులో నేర్పుతారు. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు వెలువరించింది. మరుసటి ఏడాది ఫెర్నాండెజ్‌లోనే దేశపు తొలి జాతీయ మిడ్‌వైఫరీ శిక్షణ సంస్థ ఏర్పడింది. ఈ శిక్షణ ఎందుకు అవసరమో అంకెలే చెబుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతం.

మంత్రసానుల ఆ పల్లెలున్న కామారెడ్డి 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా అయింది. ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజన్. జిల్లాలోని బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రి తల్లిపాలను ప్రోత్సహించినందుకు 2022లో గుర్తింపు పొందింది. పుట్టిన గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టించడం ముందుగా నర్సు చేతిలోని పని కనుక ఇది నర్సులకు దక్కిన మన్ననే. 2023లో కామారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది.