చిలక్కొయ్య నుంచి వార్డ్‌రోబ్ దాకా

2023 మార్చి 29న బల్లార్షా నుంచి టేకు కలప మొదటి విడత అయోధ్యకు బయల్దేరింది. చంద్రపూర్, గడ్చిరోలి అడవుల్లో పెరిగిన ఆ కలపతో రామాలయానికి తలుపులు చేసే పని హైదరాబాద్ కలప సంస్థ ఒకటి చేపట్టింది. ఆ వార్తతో ఈ అడవుల పేరు దేశమంతా వినిపించింది గానీ, తెలుగు ఇళ్లకు గోదావరి ఎగువ టేకు పాత చుట్టమే. గుమ్మాలు, దూలాలు, భోషాణాలు ఎన్నో ఆ చేవ తేలిన కలపతోనే తయారయ్యాయి.

గడ్చిరోలి జిల్లాలో అహేరి దాటితే వచ్చే అల్లపల్లి ఆ అడవుల నడుమ ఉన్న ఊరు. మరాఠీలో సాగ్వాన్, తెలుగులో టేకు. ఇక్కడి సంతలో రెండు మాటలూ వినిపిస్తాయి. మన టేకుకు తోబుట్టువైన మలయాళ మాటను పోర్చుగీసువారు పట్టుకుపోతే, అదే ఇంగ్లిషులోకీ చేరింది. అల్లపల్లి దగ్గర ఒక అడవి ముక్కను 1953 నుంచి గొడ్డలి తగలకుండా కాపాడుతున్నారు. 2014లో మహారాష్ట్ర ప్రభుత్వం దాన్ని ‘గ్లోరీ ఆఫ్ అల్లపల్లి’ పేరుతో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దక్షిణాన సిరోంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. రైళ్లు, లారీలు రాకముందు గోదావరి అడవుల కలపను తెప్పలు కట్టి రాజమండ్రి వైపు వదిలేవారు.

ఆ కలప ఇంటికి చేరాక ఏమయ్యేదో చూస్తే, నేటి చిన్న ఫ్లాట్లలో సామాన్లు సర్దే ‘కొత్త’ ఉపాయాల పుట్టుక తెలుస్తుంది.

పాత పెంకుటింట్లో నేల మనుషులది. పడుకోవడానికి, వడ్డించడానికి, ధాన్యం ఆరబోయడానికి అది ఖాళీగా ఉండాలి. అందుకే సామానంతా గోడకో, కప్పుకో ఎక్కేది. మట్టిగోడ మూరెడు మందం ఉండేది కాబట్టి అందులోనే గూడు తీసి దీపం పెట్టేవారు. గోడలో దిగ్గొట్టిన చిలక్కొయ్యకు తలపాగా, చేతిసంచి వేలాడేవి. పేరుకు తగ్గట్టే దాని కొసను వడ్రంగి చిలక ఆకారంలో చెక్కేవాడు. దండెం మీద బట్టలు, దూలానికి కట్టిన ఉట్టిలో పాలు, పెరుగు. ఉట్టి గాలికి ఊగుతూ ఉండేది, పిల్లికి అందేది కాదు. నెత్తి మీద అటక. ఏడాదికోసారి అవసరమయ్యే గంగాళాలు, గుండిగలు అక్కడికి. ధాన్యానికి వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్మి.

ఈ అమరిక మన నుడికారంలోకీ దిగింది. ముందుకు సాగని పని ఈనాటికీ ‘అటకెక్కుతుంది’. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానన్న సామెత ఉట్టి చూడని పిల్లలకూ తెలుసు.

వీటన్నిటికీ పెద్ద భోషాణం. మందపాటి పలకలు, ఇత్తడి పట్టీలు, బరువైన మూత. లోపల పట్టుబట్టలు, రాగి పాత్రలు, పత్రాలు. మూత వేస్తే పైన మనిషి పడుకునేంత చోటు. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల చెద త్వరగా పట్టదు, తడికి పలక వంకర పోవడం తక్కువ. అందుకే ముత్తాత పెట్టె మునిమనవడి దాకా వచ్చింది. పరుపు కింద అరలున్న ఇప్పటి ‘స్టోరేజ్ కాట్’ దీని వారసురాలే.

తర్వాత సామాను నిలబడింది. పోర్చుగీసువారి ‘అర్మారియో’ మనకు అల్మారా అయింది. దాని లాటిన్ మూలానికి అర్థం ఆయుధాలు దాచే చోటు. ఫ్రెంచివారి ‘బ్యూరో’ బీరువా అయింది. 1923లో గోద్రెజ్ ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టింది. కాలక్రమంలో పెళ్లికూతురి సామాన్లలో బీరువా లేకపోవడం అరుదైంది.

మాడ్యులర్ కిచెన్ మూలం మాత్రం జర్మనీలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికులకు కట్టిన చిన్న ఇళ్ల కోసం 1926లో మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ ఒక వంటగదిని రూపొందించారు. వైశాల్యం సుమారు 70 చదరపు అడుగులు. రైలు భోజనశాలలోని ఇరుకు వంటగదిని గమనించి, చేయి చాస్తే అందేలా ప్రతి అరకూ చోటు నిర్ణయించారు. దాదాపు 10,000 ఇళ్లలో దాన్ని అమర్చారు. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే సామాన్లను 1956 నుంచి స్వీడన్ సంస్థ ఐకియా జనంలోకి తెచ్చింది. భారతదేశంలో ఆ సంస్థ తొలి దుకాణం తెరిచింది హైదరాబాద్‌లోనే, 2018 ఆగస్టు 9న.

నేటి ఫ్లాట్లో గోడ మందం చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలే. అందులో గూడు తీయలేం కాబట్టి గూటినే పెట్టెగా చేసి గోడకు బిగిస్తున్నారు. దాన్ని వాల్ యూనిట్ అంటున్నారు. అటక పేరు లాఫ్ట్ అయింది, చిలక్కొయ్య హుక్ అయింది. సూత్రం మారలేదు: నేల వదిలి గోడను, కప్పును వాడుకోవడం. మారింది సరుకు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు చవక, తేలిక. కానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మర ఒకసారి వదులైతే మళ్లీ గట్టిగా పట్టడం కష్టం. సింకు కింద, స్నానాలగది పక్క గోడకు అది పనికిరాదు.

చిన్న ఇంటికి అందం కూడా ఆ టేకు అడవుల వైపు నుంచే వస్తుంది. వెదురు బుట్టలు అరల్లో డబ్బాల పని చేస్తాయి, కళ్లకూ నిండుగా ఉంటాయి. ఆదిలాబాద్ ఓజాల డోక్రా బొమ్మ ఒక్కటి చాలు, గోడ మీది అరకు కళ వస్తుంది. నిర్మల్ చిత్రానికి అంగుళం నేల కూడా అక్కర్లేదు.

ఊళ్లో పాత ఇల్లు విప్పుతున్నప్పుడు దూలాలు, తలుపులు, భోషాణం పాత సామాన్లవాళ్లకు తూకానికి వెళ్లిపోతున్నాయి. ఒక టేకు చెట్టు ఆ చేవకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. అమ్మే ముందు టేపు తీసుకుని భోషాణాన్ని, ఫ్లాట్ కిటికీ కింది జాగాను కొలిచి చూడండి. సరిపోతే మూత మీద పరుపు వేయండి: పైన ఇద్దరు కూర్చుంటారు, లోపల ఇంటిల్లిపాది దుప్పట్లు పడతాయి. పట్టకపోతే వడ్రంగిని పిలిచి ఆ పలకలనే అరలుగా కోయించండి. తూకానికి మాత్రం వేయకండి.