ఇసుకలో దాచిన వెదురు

మనీలాకు దక్షిణంగా ఉన్న మా లాస్ పిన్యాస్‌లో తెలుగు మాట ఇప్పుడు కొత్త కాదు. మెడిసిన్ చదవడానికి వచ్చిన మన పిల్లలు బజార్లో ఎదురుపడుతూనే ఉంటారు. పరిచయమైన వాళ్లను నేను ముందుగా తీసుకెళ్లేది సెయింట్ జోసెఫ్ చర్చికే. అక్కడి ఆర్గన్ అనే గాలి వాద్యంలో 1031 గొట్టాలుంటే, 902 వెదురువి.

దాన్ని చేసింది దియేగో సెరా అనే స్పెయిన్ ఫాదరు. 1795లో ఈ ఊరికి మొదటి విచారణ గురువుగా వచ్చారు. చర్చి కట్టిస్తూనే 1816లో ఆర్గన్ పనికి దిగారు. వెదురు నరికించి సముద్రపు ఒడ్డున ఇసుకలో పూడ్పించారు. పచ్చి వెదురులో తీపి ఉంటుంది, పురుగు పట్టేది దానికే. మన పల్లెల్లో బొంగుల్ని చెరువులో నానవేసేదీ అందుకే. నెలల తరబడి ఇసుకలో ఉండి, పురుగు ముట్టకుండా మిగిలిన బొంగులే గొట్టాలయ్యాయి. ఆ ఓపిక తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1821కి ఆర్గన్ వాయించడానికి వీలైంది, బూరల్లా మోగే గొట్టాలు తప్ప. వాటి పలుకు వెదురులో కుదరక లోహంతో చేయించారు. 1824లో పని ముగిసింది. పిట్టల కిలకిలకూ డోలు మోతకూ వేరే మీటలున్నాయి. పిల్లలకు అవంటే ప్రాణం.

తర్వాత భూకంపాలూ తుఫాన్లూ చర్చిని పదేపదే దెబ్బతీశాయి. ఆర్గన్ వానకు తడిసింది, గొట్టాలు విప్పి దాచారు, ఏళ్లకేళ్లు మూగబోయింది. అరకొర మరమ్మతులతో గొంతు పూర్తిగా తిరిగి రాలేదు.

చివరికి 1973లో దాన్ని జర్మనీకి, బాన్ నగరంలో ఆర్గన్లు చేసే క్లైస్ వాళ్ల దగ్గరికి పంపారు. చలిదేశంలో వెదురు పగలకుండా, మా ఊరి వేడీ తేమా ఉండే గదిని దానికోసం సిద్ధం చేశారు. వాద్యం బాగుపడుతుండగా ఇక్కడ చర్చినీ పాత రూపానికి తెచ్చారు. 1975లో ఆర్గన్ తిరిగొచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఫిబ్రవరిలో దాని పేరిట సంగీతోత్సవం జరుగుతోంది.

నన్ను అన్నిటికంటే కదిలించేది తర్వాతి సంగతి. 2003లో ఆర్గన్‌ను జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. ఆ రోజుల్లోనే మళ్లీ పెద్ద మరమ్మతు అవసరమైంది. ఈసారి ఓడ ఎక్కించలేదు. ఐరోపాలో ఈ విద్య నేర్చుకొచ్చిన ఫిలిప్పీనో పనివాళ్లు ఇక్కడే విప్పి, తుడిచి, శ్రుతి చేసి బిగించారు. వాళ్ల కార్ఖానాకు పెట్టుకున్న పేరు దియేగో సెరా.