మునేటి ఒడ్డు నుంచి ఎడింబరో దాకా

కిందటేడు శ్రావణమాసంలో ఒకనాటి సాయంకాలం నా పాత విద్యార్థి ఒకడు తన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కుర్రవాడు పై చదువుకు ఐర్లండు వెళ్తున్నాడు. డబ్లిన్ నగరం. విమానం టిక్కెట్టు వచ్చింది, బ్యాంకు అప్పు మంజూరయింది, పచ్చళ్ళూ పొడులూ మూటలు కట్టారు. ఆ అప్పు కోసం తిరువూరు పొలిమేరలో ఉన్న మామిడి తోట తాకట్టు పెట్టిన సంగతి నాకు తెలుసు. "మాస్టారూ, వీడికి నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నాడు తండ్రి.

నేను నోరు విప్పేలోగా పిల్లవాడే అడిగాడు. "తాతగారూ, చదువంటే నాకు భయం లేదు. అక్కడి వాళ్ళతో ఎలా మెలగాలో తెలియదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఒక పూట తరగతి పెట్టారు. చెయ్యి ఎలా కలపాలో, మాట్లాడేటప్పుడు కళ్ళలోకి ఎలా చూడాలో చెప్పారు. అంతేనంటారా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. తోచకపోవడానికి కారణం కూడా ఉన్నది. 1989లో మారిషస్ దీవిలో తెలుగు బోధించే అవకాశమున్నదని ఒక మిత్రుడు చెప్పగా దరఖాస్తు పూర్తిచేసి, పంపకుండా ట్రంకుపెట్టెలో దాచిన వాణ్ణి నేను. ఇంట్లో వాళ్ళతో అమ్మ ఆరోగ్యం బాగుండలేదని చెప్పాను. అసలు సంగతి భయం. పరాయి చోట పరాయి మనుషుల నడుమ భాషాప్రవీణ పట్టా పుచ్చుకొన్న పల్లెటూరి పంతులు ఏమవుతాడోనన్న భయం. అటువంటి నేను సముద్రం దాటబోయే పిల్లవాడికి చెప్పగలిగిన హితవేమిటి? నా అనుభవంలో లేదు గనుక, దాటిన మనవాళ్ళ చరిత్రలో వెతికాను. దొరికినది చదువరులతో పంచుకొంటున్నాను.

మొదట పక్క ఊరి మనిషినే తలచుకోవాలి. మా తిరువూరు దగ్గర పారే కట్టలేరు చివరికి మునేటిలో కలిసే వాగే. ఆ మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు ఉన్నది. తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు పోయేవారందరికీ తెలిసిన ఊరు. 1889 జూన్ 2న అక్కడ పుట్టినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చిన్నతనంలోనే కన్నవారిని పోగొట్టుకొని పినతండ్రి, నాయనమ్మల చేతుల మీద పెరిగాడు. గుంటూరులో చదివి, బాపట్ల తాలూకా కచేరీలో ఒక ఏడాది గుమాస్తాగిరీ చేశాడు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండు దేశంలోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎం.ఏ. పట్టా సంపాదించాడు.

ఈనాటి పిల్లలకు ఈ ప్రయాణం బరువు తెలియదు. ధర్మశాస్త్ర నిబంధన గ్రంథాలు కలియుగంలో చేయరాదని నిషేధించిన కలివర్జ్యాలలో ద్విజులకు సముద్రయానం ఒకటి. వెళ్ళి వచ్చినవాడు ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, చేసుకొన్నా పంక్తిలో విస్తరి వేస్తారన్న నమ్మకం లేదు. (ఈ నిషేధం చదువుకొన్న కులాల గొడవ మాత్రమే. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి కూలినాలి జనం ఏనాడో బర్మాకు ఓడలెక్కారు. రంగూనులో తెలుగువాడికి 'కొరంగీ' అనే పేరే స్థిరపడిపోయింది. పరాయి దేశంలో పదిమందితో మెలిగి బ్రతికే విద్య వాళ్ళు ఏ పట్టా లేకుండానే నేర్చారు. వాళ్ళ చరిత్ర మనం తగినంతగా వ్రాసుకోలేదు.)

గోపాలకృష్ణయ్య ఎడింబరోలో ఏ దుస్తులు తొడిగాడో, ఏమి తిన్నాడో నాకు ముఖ్యం కాదు. ఆయన అక్కడి పరిచయాలతో చేసిన ఒక పని ముఖ్యం. సింహళంలో తమిళ తండ్రికీ ఆంగ్లేయ తల్లికీ పుట్టి, భారతీయ శిల్పాన్నీ కళనూ పాశ్చాత్యులకు విప్పిచెప్పడమే జీవితంగా పెట్టుకొన్న ఆనంద కుమారస్వామితో కలిసి, నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 'ది మిర్రర్ ఆఫ్ జెస్చర్' అనే ఆ పుస్తకాన్ని 1917లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రకటించింది. ముఖపత్రం మీద కుమారస్వామి పేరు పక్కనే మన పెనుగంచిప్రోలు వాడి పేరూ ఉన్నది.

ఈ పుస్తకం పుట్టుకలో ఒక విశేషమున్నది. ఐరోపా రంగస్థలాన్ని కొత్తదారి పట్టించిన గోర్డన్ క్రెయిగ్ అనే ఆంగ్లేయ ప్రయోక్త, మీ దేశంలో నాట్యానికి శాస్త్రగ్రంథాలున్నాయా అని కుమారస్వామిని ఉత్తరాలలో పదేపదే అడుగుతుండేవాడు. ఆ ప్రశ్నకు సమాధానం ఈ అనువాదం. వాళ్ళు ఆధారంగా పెట్టుకొన్నది తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి. అంటే విదేశంలో ఒక పెద్ద పనిలో మనవాడికి చోటు దొరకడానికి ఎడింబరో చదువు ఎంత అక్కరకు వచ్చిందో, ఇంటి దగ్గర నేర్చిన తెలుగక్షరాలూ సంస్కృతమూ అంత అక్కరకు వచ్చాయి. పతాకం, త్రిపతాకం, కర్తరీముఖం అంటూ ఇరవై యెనిమిది అసంయుత హస్తాలను ఇంగ్లీషువాడికి బోధపడేలా చెప్పాలంటే, అతడికి ఏది తెలుసో, ఏది తెలియదో ముందు గ్రహించాలి. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఎదుటివాడి తెలియనితనాన్ని చిన్నచూపు లేకుండా కొలవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

స్వదేశానికి వచ్చాక రాజమహేంద్రవరంలోనూ, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలోనూ కొంతకాలం ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. ఎక్కడా ఎక్కువ కాలం ఇమడలేదు. ఆ తరువాతి కథ అందరికీ తెలిసినదే. చీరాల, పేరాల గ్రామాలను మునిసిపాలిటీగా మార్చి, సుమారు 4 వేల రూపాయల పన్నును 40 వేల దాకా పెంచినప్పుడు, 1921లో జనం ఇళ్ళు విడిచి ఊరి బయట రామనగర్ అనే పాకల పట్టణం కట్టుకొని పదకొండు నెలలు కాపురమున్నారు. ఆ జనం రమారమి పదిహేను వేలు. వాళ్ళకు నాయకుడు గోపాలకృష్ణయ్య. కాషాయం బట్టలూ రుద్రాక్షలూ ధరించిన ఆయన రామదండు ఆ ఏడే బెజవాడ కాంగ్రెసు మహాసభలో వేలమందిని క్రమంలో నిలబెట్టింది. స్కాట్లండులో ఎం.ఏ. చదివినవాడు తన జనాన్ని కూడగట్టడానికి ఎంచుకొన్నవి రాముడి పేరూ, భజనలూ, చమత్కారపు తెలుగు మాటా. దీనిని కొందరు వెనుకకు పోవడమంటారు. నేను ఒప్పుకోను. నందికేశ్వరుణ్ణి దొరలకు వాళ్ళ భాషలో చెప్పినవాడే, సత్యాగ్రహాన్ని చీరాల నేతగాడికి అతడి భాషలో చెప్పాడు. రెండూ ఒకే విద్య. నిషేధాజ్ఞను ధిక్కరించి బరంపురంలో అరెస్టయి, తిరుచిరాపల్లి జైలులో ఏడాది శిక్ష అనుభవించాడు. 1928 జూన్ 10న క్షయ వ్యాధితో, పేదరికంలో, నలభై ఏళ్ళయినా నిండకుండా పోయాడు.

ఆ బరంపురంలోనే 1894 ఆగస్టు 10న పుట్టిన మరొక తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి. పిల్లవాడు వెళ్ళేది డబ్లిన్ అని వినగానే నాకు మనసులో మెదిలినది ఈయనే. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. కొడుకును బారిస్టరు చేయాలని 1913లో లండనుకు గాక డబ్లినుకు పంపించాడు. గిరి అక్కడి యూనివర్సిటీ కాలేజీలోనూ, కింగ్స్ ఇన్స్ అనే న్యాయవిద్యాలయంలోనూ చేరాడు.

ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. 1913 ఆగస్టులో డబ్లినులో ట్రాము కార్మికుల సమ్మె మొదలయింది. జిమ్ లార్కిన్, జేమ్స్ కానలీ నాయకత్వంలోని సంఘంలో చేరినవాడికి పని ఇవ్వబోమని యజమానులు తలుపులు మూశారు. ఇంచుమించు ఇరవై వేలమంది కార్మికులు 1914 జనవరి దాకా పస్తులున్నారు. చట్టం చదువుకోవడానికి వెళ్ళిన పందొమ్మిదేళ్ళ బరంపురం కుర్రవాడు, తెల్లవాళ్ళు తెల్లవాళ్ళ చేతిలో ఆకలితో మాడడం చూశాడు. మన ఊళ్ళో కలెక్టరు దొర రూపంలో మాత్రమే కనిపించే జాతి అక్కడ బిచ్చమెత్తే తల్లిగా, చెప్పులు లేని పిల్లవాడుగా కనిపించింది. దొర అనే మాటకు అర్థం అతడి మనసులో ఆ శీతకాలంలోనే మారి ఉంటుందని నా ఊహ. కాలేజీలో ఆయనకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన అధ్యాపకులలో థామస్ మక్‌డొనా ఒకడు. 1916 ఈస్టరు తిరుగుబాటులో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసి, మే 3న తుపాకి గుండ్లకు నేలకొరిగాడు. కానలీ మే 12న. గాయపడి నిలబడలేని మనిషిని కుర్చీకి కట్టి కాల్చారు.

దక్షిణాఫ్రికాలోని భారతీయుల దుస్థితి మీద డబ్లిన్ భారతీయ విద్యార్థులు కరపత్రం వేసినందుకు పోలీసుల కన్ను అప్పటికే గిరి మీద ఉన్నది. 1916 జూన్ 21న బారిస్టరుగా పేరు నమోదయింది. జూలై 1 లోపల దేశం విడిచి పొమ్మని తాఖీదు వచ్చింది. బి.ఏ. పూర్తి కాలేదు. పట్టాల లెక్కన చూస్తే సగం చదువు.

ఆ సగం చదువు ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి. లార్కిన్ కార్మికులను చూసి వచ్చినవాడు రైల్వే కార్మికులను సంఘటితం చేశాడు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడయినాడు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళాడు. 1931లో లండనులో రెండవ రౌండు టేబులు సమావేశంలో కార్మికుల పక్షాన కూర్చున్నాడు. 1947 నుంచి 1951 దాకా సింహళంలో మన హైకమిషనరు. అక్కడి తేయాకు తోటల భారతీయ కూలీలలో అత్యధికులకు పౌరసత్వం లేకుండా చేసిన 1948 చట్టం ఆయన అక్కడ ఉన్నప్పుడే వచ్చింది. 1969లో రాష్ట్రపతి. ఇంతకూ ఐర్లండు మనకు ఇచ్చినది ఒక్క గిరినే కాదు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు ఒరవడి 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం.

తెలుగు పండితుణ్ణి గనుక కట్టమంచి రామలింగారెడ్డి గారిని తలవకుండా ఉండలేను. కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, అక్కడి విద్యార్థుల చర్చావేదిక అయిన యూనియనుకు ఉపాధ్యక్షుడయినాడు. తిరిగివచ్చి 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వ్రాసి ప్రబంధ కవులను నిలదీశాడు. నేను ప్రవీణ చదివే రోజుల్లో మా గురువుగారు ఆ పేరెత్తితే ముఖం చిట్లించేవారు. అయినా ఆ పుస్తకం ఆయన బల్లసొరుగులోనే ఉండేది, అంచుల నిండా పెన్సిలు గీతలతో. దూరం పోయి వచ్చినవాడి చూపు ఇంటివాళ్ళకు కంటకంగా ఉంటుంది. దానిని వదులుకోనూ లేరు.

ఈ కథలు చెప్పి ఊరుకొంటే పిల్లవాడికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో భార్యను ఇక్కడే ఉంచి బోస్టను వెళ్ళాడు. బ్రతుకుతెరువుకు ఆసుపత్రిలో రాత్రిపూట ఊడిగం చేస్తూ హార్వర్డులో చదివాడు. ఫిస్క్‌తో కలిసి ఆయన కనిపెట్టిన భాస్వర పరీక్షాపద్ధతి ప్రయోగశాలలకు పాఠమయింది. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ మందు ఆయన నడిపించిన పరిశోధనల ఫలాలు. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. అమెరికా పౌరసత్వం పుచ్చుకోలేదు, స్వదేశానికి తిరిగి రానూ లేదు. 1948లో అక్కడే కన్నుమూశాడు. భార్య ఆయనను మళ్ళీ చూడలేదు. పరాయి దేశంలో అంత పని చేయగలిగినవాడు కూడా రెండు ఇళ్ళకూ కాకుండా పోవచ్చునని తండ్రికీ కొడుకుకూ ముందే చెప్పాలి.

ఇవన్నీ కాగితం మీద వ్రాసుకొని, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆ పిల్లవాణ్ణి పిలిపించి చెప్పాను. గిరి సంగతి శ్రద్ధగా విన్నాడు. కింగ్స్ ఇన్స్ ఎక్కడున్నదో అక్కడికక్కడే ఫోనులో వెతికి చూపించాడు. మారిషస్ దరఖాస్తు సంగతి కూడా చెప్పాను. మా ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది అది. నవ్వుతాడనుకొన్నాను. నవ్వలేదు.

దసరా వెళ్ళాక ఫోను చేశాడు. గదిలో ఒక మలయాళీ, ఒక బ్రెజిలు దేశస్థుడు తోడట. చలి మొదలయిందట. పచ్చడి బ్రెజిలు అబ్బాయే ఎక్కువ తింటున్నాడట. తరగతిలో ఒక ఐరిష్ పిల్ల వాళ్ళ ఊరి పేరుకు పాత గేలిక్ భాషలో అర్థం చెప్పి, "మరి మీ తిరువూరంటే ఏమిటి?" అని అడిగిందట. వీడికి తెలియక తెల్లబోయాడు. "మీరు చెప్పండి తాతగారూ, రేపు ఆమెకు చెప్పాలి" అన్నాడు.

'తిరు' అనేది 'శ్రీ'కి దక్షిణాది రూపమని చటుక్కున అనబోయి ఆగాను. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నా ఆ పేరును గురించి నిదానించి ఆలోచించినది లేదు. రెండు రోజులు గడువు అడిగాను.